పాత కొండపల్లి బొమ్మలంటూ అమ్ముతున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బొమ్మల కొలువు కోసం పాత బొమ్మలు వెతుకుతున్నవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. "నూట పాతికేళ్ల నాటి కొండపల్లి అంబారీ, జమీందారు ఇంటి సొత్తు" అని ఆన్‌లైన్‌లో ఒకతను అమ్మకానికి పెట్టాడు. 18,500 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను. వచ్చింది పాత బొమ్మ కాదు. ఈమధ్య చేసిన బొమ్మకే పొగబెట్టి, టీ నీళ్ళు పూసి, అక్కడక్కడ గీకి పాతదానిలా తయారుచేశారు. డబ్బు వెనక్కివ్వమంటే "పాత వస్తువులకు రిటర్న్ ఉండదు మేడమ్" అన్నాడు, ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఎలాగూ ఇలాంటివాళ్ళు పేరు మార్చుకుని మళ్ళీ వస్తారు. వాళ్ళు చేసే పని ఎలా ఉంటుందో తెలిస్తేనే మనకు ఉపయోగం.

ఫోటోలన్నీ ముందు వైపు నుంచి తీసినవే, పసుపు రంగు వెలుతురులో. అడుగు భాగం చూపించమని అడిగాను. "చాలా పాతదండీ, తిప్పితే రంగు రాలుతుంది" అన్నాడు. పాత బొమ్మలకు నిజంగానే రంగు పెచ్చులుగా రాలుతుంది, అందుకే ఆ మాట అబద్ధంలా వినిపించదు. బదులుగా పీఠానికి అంటించిన ఒక కాగితం ముక్క ఫోటో పంపాడు. దాని మీద వంకర అక్షరాలతో "కొండపల్లి 1898" అని ఉంది. బొమ్మ చేసినవాళ్ళే ఆనాడు అంటించారట.

పార్సెల్ విప్పగానే పొగ వాసన. తెల్ల గుడ్డతో తుడిస్తే మసి అంటింది. నోట్లు చూసే అతినీల లైటు మా వీధి కిరాణా కొట్లో ఉంటే, ఆ కాగితాన్ని దాని కింద పెట్టి చూశాను. నీలంగా మెరిసింది. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే ఆ మెరుపు రసాయనాలు వాడకంలోకి వచ్చింది దాదాపు 1950 తర్వాతే. 1898 నాటి కాగితం అలా మెరవదు.

అనుమానం తీర్చుకుందామని బొమ్మను కొండపల్లికే పట్టుకెళ్ళాను. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూసి, "ఇది మా కాలనీ పనేనమ్మా, ఎంత లేదన్నా మూడు నాలుగేళ్ల కిందటిది" అన్నారు. ఏనుగు చెవి అతికిన చోట వేలితో చూపించారు. కొండపల్లి బొమ్మను ఒకే ముక్కలో చెక్కరు. తెల్ల పొణికి కర్రను బాగా ఎండబెట్టి, సెగ చూపించి తేమ పోగొడతారు. కాళ్ళు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అరగదీసి, సున్నం పూత వేసి, ఆ తెలుపు మీద మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. నిజంగా పాతబడిన బొమ్మలో ఆ అతుకుల దగ్గరే సన్నని పగుళ్ళు కనిపిస్తాయి, రంగు లేచిన చోట కింది సున్నం కూడా పసుపు పచ్చగా మారి ఉంటుంది. నా అంబారీలో గీకిన చోట సున్నం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పైన ఉన్నది ఇప్పటి బొమ్మలకు వేసే ఎనామిల్ రంగు.

పురుగు తిన్న రంధ్రాలూ ఉన్నాయి. ఆయన సన్నని తీగ ఒకటి తెచ్చి అందులో దూర్చారు. అది నేరుగా కొంత దూరం వెళ్ళి ఆగింది. అన్ని రంధ్రాలదీ ఒకే సైజు, ఒకే లోతు. పురుగు కర్రలో వంకరటింకరగా పోతుంది. ఇది డ్రిల్లు పని.

ఆ తర్వాత ఆయన అన్న మాటే నన్ను ఇదంతా రాయించింది. "మేం చేసింది ఏం బాగోలేదని కాల్చారమ్మా?" అన్నారు. అంబారీ పైన కూర్చున్న రాజు ముఖం మసిబారిపోయి ఉంది. ఆ కళ్ళు దిద్దడానికి ఆ ఇంట్లో ఎవరో ఎంత సేపు కూర్చుని ఉంటారో! వాళ్ళ దగ్గర తక్కువ ధరకు కొని, వాళ్ళ పనిని పాడుచేసి, ఎన్నో రెట్లకు అమ్ముకుంటున్నారు. చేసిన మనిషి బతికే ఉన్నాడు, పక్క ఊళ్ళోనే ఉన్నాడు. అతని పేరు చెప్పకుండా చచ్చిపోయిన ఎవరో జమీందారు పేరు చెప్పి అమ్మడం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇతను "అమెరికాకు కూడా కొరియర్ చేస్తాం" అని రాసుకున్నాడు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండం, హస్తకళా వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. కాబట్టి "నూట పాతికేళ్లది, డల్లాస్‌కు పంపిస్తా" అనేవాడు వయసు విషయంలోనైనా అబద్ధం చెబుతుండాలి, చట్టమైనా తప్పుతుండాలి. లైసెన్సు ఉందా అని ఒక్క ప్రశ్న అడగండి. నేనడిగాక అతను జవాబు ఇవ్వలేదు.

అతను పెట్టిన మిగతా వస్తువులు కూడా తర్వాత వరసగా చూశాను. "మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బొమ్మ" అని ఒకటి. దాని మెడ వెనక "మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ" అన్న ముద్ర ఫోటోలోనే కనిపిస్తోంది. పశ్చిమ జర్మనీ అనే దేశం ఏర్పడిందే 1949లో! ఇంకొకటి "1880 నాటి గాట్‌షాక్ బొమ్మరిల్లు, దొరల బంగళాలో దొరికింది" అని. మోరిట్జ్ గాట్‌షాక్ జర్మనీలోని సాక్సనీలో, మారియన్‌బెర్గ్ ఊళ్ళో బొమ్మరిళ్ళు చేసిన పేరున్న తయారీదారు. కర్ర మీద అచ్చు కాగితాలు అంటించి ఇటుక గోడల్లా, కిటికీల్లా చూపించేవారు. సేకరించేవాళ్ళు ముందు కప్పు రంగు చూస్తారు. సుమారు 1910 వరకు నీలం కప్పులు, ఆ తర్వాత ఎరుపు. ఇతని బొమ్మరిల్లుకి ఎర్ర కప్పు, తలుపు బందులకు స్టార్ స్క్రూలు. ఆ రకం స్క్రూలు మార్కెట్‌లోకి వచ్చింది 1930ల నడిమిలో. ఎవరో తర్వాత బందులు మార్చారనుకున్నా, ఆ కప్పుకేం చెబుతాడు?

మరో సంగతి, ఇది ప్రమాదం గురించి. పాత సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్ రకం) బొమ్మ అసలుదో కాదో తెలుసుకోవడానికి కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు అమ్మకందార్లే సలహా ఇస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. సెల్యులాయిడ్ క్షణాల్లో అంటుకుంటుంది. కొలువులో పెట్టినా దీపాలకు దూరంగా ఉంచండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, చిన్నపిల్లల చేతికి, నోటికి అందనివ్వొద్దు.

కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందే పగటి వెలుతురులో తీసిన ఫోటోలు అడగండి. అడుగు భాగం, వెనక వైపు, అతుకులు, రంగు పోయిన చోట్లు దగ్గరగా కనిపించాలి. వీడియో కాల్‌లో బొమ్మను తిప్పి చూపించమనండి. చేతులు తగిలే చోట అరిగి, చేతులు అందని మూలల్లో మురికి ఉంటే అది వాడిన బొమ్మ. నకిలీలో మురికి అంతటా ఒకే తీరున ఉంటుంది. వయసు ఎంతని చెబుతున్నాడో బిల్లు మీద రాసివ్వమనండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు, నాకు తెలిసినవాళ్ళు కొందరున్నారు, "ఎప్పటిదో కచ్చితంగా చెప్పలేమండీ, మా అమ్మమ్మ కొలువులోది" అంటారు. నేనైతే ఆ మాటనే ఎక్కువ నమ్ముతాను. అందమైన అంబారీయే కావాలనుకుంటే నేరుగా కొండపల్లి వెళ్ళి కొత్తది కొనండి, ఆ డబ్బు చేసినవాళ్ళకు చేరుతుంది.

ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల సహాయానికి 1915 ఉంది. బొమ్మను కడగకండి, మసి తుడవకండి, వచ్చింది వచ్చినట్టే ఉంచండి. చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకోండి, అతను డిలీట్ చేయకముందే. పార్సెల్ వచ్చిన అట్టపెట్టెను, దాని మీది అడ్రసు చీటీని పారేయకండి. ఫిర్యాదు ఇచ్చినప్పుడు నన్ను మొదట అడిగింది అదే.