పక్షులకు బోధించిన పునీతుని ఊళ్లు: అస్సీసి, గుబ్బియో

ఇటలీలోని అస్సీసి వెళ్లేవాళ్లలో చాలామంది పునీత ఫ్రాన్సిస్ వారి బసిలికా (పెద్ద చర్చి) చూసేసి సాయంత్రం రైలుకే రోముకు తిరిగిపోతారు. ఆయన్ని మూగజీవాల పునీతుడిగా కొలిచేవాళ్లకు అది చాలదు. అస్సీసిలో రెండు రాత్రులు ఉండి, గుబ్బియోకు ఒక పగలంతా కేటాయించాలి.

రోమ్ టెర్మిని స్టేషన్ నుంచి అస్సీసికి రైలుకు రెండు గంటల పైనే పడుతుంది. కొన్నిసార్లు ఫోలిన్యోలో మారాలి. స్టేషన్ ఊళ్లో ఉండదు, సుమారు 4 కిలోమీటర్ల దిగువన ఉంటుంది. అక్కణ్ణుంచి సిటీ బస్సు ఎక్కాలి. స్టేషన్ దగ్గర గదులు చవకే, అయినా పై ఊళ్లో బస చేస్తేనే జనం పలచబడ్డాక ప్రశాంతంగా తిరగొచ్చు. సిస్టర్లు నడిపే అతిథి గృహాలు ఒంటరి ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ అనువుగా ఉంటాయి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో, లిఫ్టు ఉందో లేదో ముందే అడగాలి. రాళ్లు పరిచిన ఏటవాలు సందుల్లో చక్రాల సూట్‌కేసు ఈడ్వడం మహా కష్టం. అక్టోబర్ 4న వచ్చే పునీత ఫ్రాన్సిస్ పండుగకైతే నెలల ముందే గది పట్టుకోవాలి.

బసిలికాలో ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, ఫొటోలు తీయనివ్వరు. బసిలికా పై అంతస్తు దేవాలయంలో ఫ్రాన్సిస్ జీవితంపై 28 కుడ్యచిత్రాలున్నాయి. పక్షులకు బోధించే చిత్రం లోపలికొచ్చిన తలుపు పక్కనే ఉంటుంది. అందరూ పీఠం వైపు నడిచిపోతారు కాబట్టి అది కంటపడదు. వెనక్కి తిరిగి చూడాలి. ఆయన నేలమీది పిట్టల వైపు వంగి ఉంటారు, వెనకున్న సహచరుడు ఆశ్చర్యంతో చెయ్యెత్తుతాడు.

అసలు చూడాల్సింది సుబాసియో కొండమీది ఎరేమో దెల్లె కార్చెరి అనే ఏకాంత ఆశ్రమం. ఎత్తు 791 మీటర్లు, ఊరి నుంచి దాదాపు 4 కిలోమీటర్ల ఎక్కుడు. నీళ్లు వెంట తీసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులుంటే టాక్సీలో వెళ్లి నడిచి దిగడం మంచిది. ఇనుప ఊతకోలలతో నిలబెట్టిన ముసలి చెట్టు ఇక్కడుంది. దాని కొమ్మల మీద వాలిన పక్షులనే ఆయన దీవించారని నమ్మకం.

గుబ్బియోకు రైలు లేదు. దగ్గరి నగరమైన పెరూజా నుంచి బస్సులో గంటకు పైగా పడుతుంది. ఆదివారాలు బస్సులు తక్కువ కనుక, తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే బయల్దేరాలి. ఊరిని హడలెత్తించిన తోడేలును ఆయన మచ్చిక చేసుకున్నది ఇక్కడేనని చెబుతారు. సాన్ ఫ్రాంచెస్కో దెల్లా పాచె అనే చిన్న గుడిలో దాని సమాధి ఉందంటారు. 1872లో మరమ్మతులప్పుడు తోడేలు ఎముకలు దొరికాయని స్థానికుల మాట. ఊరి పాలక పునీతుడు ఉబాల్దో వారి బసిలికాకు తీగమార్గం ఉంది. ఇద్దరు నిలబడే ఆ పంజరాలు ఆగవు, కదులుతుండగానే ఎక్కాలి. వీపు సంచి ముందే తీసి చేత్తో పట్టుకోవాలి. తల తిరిగేవాళ్లు కాలిబాటన వెళ్లడమే క్షేమం.