బస్సులో మెయిల్: ఆండ్రాయిడా, ఐఫోనా, లాప్‌టాపా?

పొద్దున ఆఫీసుకు వెళ్లే బస్సులో నాకు 40 నిమిషాలు దొరుకుతాయి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి కండక్టర్ కోసం. దిగేలోపు రాత్రి నుంచి పేరుకున్న మెయిళ్లన్నీ తేల్చెయ్యాలి. నాకు చూపు లేదు. ఫోన్ చదువుతుంది, నేను వింటాను. చాలాకాలం ఆండ్రాయిడ్ ఒక్కటే వాడాను, తర్వాత ఐఫోన్ వచ్చి చేరింది, ఇంట్లో లాప్‌టాప్ ఎలాగూ ఉంది. "కొత్త ఫోన్ కొనాలి, మెయిల్‌కి ఏది మంచిదన్నా?" అని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడల్లా ఒక్క ముక్కలో చెప్పలేక నీళ్లు నములుతున్నా. అందుకే ఇది.

ముందు ఏరివేత సంగతి. నాకు పది మెయిళ్లు వస్తే ఏడు చెత్తే. క్రెడిట్ కార్డు ఆఫర్లు, ఎప్పుడో ఒకసారి చెప్పులు కొన్న పాపానికి ప్రతి పండక్కీ వచ్చే శుభాకాంక్షలు. వీటిని తెరవకుండానే తీసెయ్యగలగాలి. చూపున్నవాళ్లు వేలితో పక్కకి తోసేస్తారు. మనం పక్కకి తోస్తే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది రాతను చదివి వినిపించే ప్రోగ్రాం, తర్వాతి మెయిల్‌కి వెళ్లిపోతుంది, అందుకని తీసెయ్యడానికి వేరే దారి ఉండాలి.

ఐఫోన్‌లో ఆ దారి బాగుంది. మెయిల్ మీదకి రాగానే ఐఫోన్ స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్, పంపినవారి పేరు, సబ్జెక్ట్, మొదటి ఒకటి రెండు వరుసలు చదివి, దీనికి చర్యలున్నాయని చెబుతుంది. అక్కడే వేలు పైకో కిందికో జరిపితే ఒక్కో చర్య పేరు పలుకుతుంది. "ట్రాష్" అని వినపడగానే రెండుసార్లు తడితే మెయిల్ పోయినట్టే. ఆండ్రాయిడ్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తోనూ ఇదే పని అవుతుంది గానీ మెట్లు ఎక్కువ. మూడు వేళ్లతో తట్టి మెనూ తెరవాలి, అందులో చర్యలు ఎక్కడున్నాయో వెతకాలి, వాటిలో డిలీట్ వెతకాలి. ఒక మెయిల్‌కి ఇది పెద్ద పనేం కాదు. ముప్పై మెయిళ్లకైతే విసుగొస్తుంది. వేలు పైకీ కిందికీ జరిపితే ఏం జరగాలో ఎంచుకునే టాక్‌బ్యాక్ రీడింగ్ కంట్రోల్స్‌లో చర్యలను పెట్టుకుంటే చాలా మెట్లు తగ్గుతాయి. ఈ సంగతి నాకు రెండేళ్లు వాడాక తెలిసింది, అప్పటిదాకా మూడు వేళ్లతో తడుతూనే ఉన్నా. అయినా ఏరివేతలో ఐఫోన్‌దే పైచేయి.

ఏ ఫోన్ తీసుకున్నా ఒక సెట్టింగు మాత్రం మార్చండి. ఒకే సబ్జెక్ట్ మీద వచ్చిన మెయిళ్లన్నిటినీ ఒక కట్టగా చూపించే పద్ధతిని ఆపెయ్యండి. కంటికి అది సౌకర్యం కావచ్చు. చెవికి మాత్రం కొత్త మాట ఎక్కడ మొదలైందో తెలియకుండా పాత మాటలన్నీ మళ్లీ వినాల్సిన శిక్ష.

జవాబు రాయడం దగ్గరికొస్తే రెండు ఫోన్లూ ఒక్కటే, రెండూ అద్దం పలకలే. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ రెండూ 2009లోనే వచ్చాయి. అంతకుముందు మాలో చాలామంది చేతుల్లో టాక్స్ అనే స్క్రీన్ రీడర్ వేసిన నోకియా ఉండేది. దాని 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. వేలు అక్కడ ఆగితే చాలు, మిగతా మీటలు ఎక్కడున్నాయో చేతికే తెలిసేది. అద్దం మీద ఆ ఆనవాలు లేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, విని, వదలాలి. "సరే, రేపు పంపుతాను" వరకూ పర్లేదు. పది వరుసల జవాబు ఇలా రాయాలంటే దిగాల్సిన స్టాపు దాటిపోతుంది.

దీనికి మూడు మందులున్నాయి. మొదటిది మాటతో టైపింగ్. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్ జీబోర్డు తెలుగు మాటను బాగానే పట్టుకుంటుంది. ఇంట్లో నేనూ వాడతాను. బస్సులో మాత్రం నా సెలవు చీటీ బస్సంతా వింటుంది. రెండోది తెర మీదే బ్రెయిల్ కొట్టడం. ఐఫోన్‌లో 2014 నుంచి, టాక్‌బ్యాక్‌లో 2020 నుంచి ఉంది. బ్రెయిల్ చేతికి వచ్చినవాళ్లు దీంతో మహా వేగంగా రాస్తారు. చిక్కల్లా రెండు చేతులూ దానికే కావాలి, నిలబడి రాడ్ పట్టుకున్నవాడికి కుదరదు.

మూడోది మడిచి సంచిలో వేసుకునే బ్లూటూత్ కీబోర్డు. నా ఓటు దీనికే. బొడిపెలు ఎఫ్ మీదా జె మీదా మళ్లీ దొరుకుతాయి. ఐఫోన్‌లో ఎడమ, కుడి బాణాలు కలిపి నొక్కితే క్విక్ నావ్ మొదలవుతుంది, ఇక బాణాలతోనే తెరంతా తిరగొచ్చు. నా ఆండ్రాయిడ్‌లో ఆల్ట్ పట్టుకుని బాణం నొక్కుతాను. సీటు దొరికిన రోజు ఒళ్లో కీబోర్డు, జేబులో ఫోన్. ఫోన్ బయటికి తీయకుండానే నాలుగు జవాబులు వెళ్లిపోతాయి. ఐఫోన్‌కీ మామూలు ఆండ్రాయిడ్‌కీ ఉన్న ధర తేడాలో ఇలాంటివి ఎన్నో వస్తాయి. అందుకే విద్యార్థి అడిగితే నేను ఆండ్రాయిడ్, కీబోర్డు అనే చెబుతాను. రోజుకు వంద మెయిళ్లు వచ్చి, వాటిలో తొంభై తీసెయ్యాల్సిన ఉద్యోగమైతే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, ఐఫోన్.

తెలుగు మెయిళ్ల విషయంలో ఇప్పుడు రెండిటిలోనూ తెలుగు గొంతు ఉంది. నా ఆండ్రాయిడ్‌లో తెలుగు గొంతునే ఉంచేశాను. ఇంగ్లీషుని మన యాసలో చదువుతుంది, నాకేం అభ్యంతరం లేదు. ఐఫోన్‌లో రోటర్‌కి, అంటే వాయిస్‌ఓవర్ సెట్టింగులు మార్చే తిరుగుడు మీటకి, తెలుగు చేర్చుకుని, కావలసినప్పుడు రెండు వేళ్లతో తిప్పి మారుస్తాను. ఏ గొంతుకీ లొంగనిది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. మా పిన్ని "repu randi" అని రాస్తే ఇంగ్లీషు గొంతు "రెప్యూ రాండీ" అంటుంది. మొదట్లో అదేదో ఊరి పేరనుకున్నా.

లాప్‌టాప్ జోలికి నేను వెళ్లేది ప్రధానంగా అటాచ్‌మెంట్ల కోసం. కాగితాన్ని ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపుతారు, స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ పేజీ. ఇంగ్లీషు కాగితమైతే ఫోన్‌లోనే సీయింగ్ ఏఐ అనే యాప్‌కి షేర్ చేస్తే చదివేస్తుంది. తెలుగుదైతే లాప్‌టాప్‌లో గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరుస్తాను. ఫోటోలోని తెలుగు అక్షరాలు మామూలు అక్షరాలై బయటికొస్తాయి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇంకో రకం తలనొప్పి. కంటికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కి అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస. ఒకసారి ఒక ఆఫీసు పంపిన సర్క్యులర్ అలా వస్తే, ఫైలు పాడైందేమోనని మూడుసార్లు మళ్లీ పంపించుకున్నా. దానికీ డ్రైవ్ దారే, పేజీని ఫోటోగా మార్చి ఎక్కించాలి.

లాప్‌టాప్‌లో నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో చూపులేని కుర్రాడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు, చూపులేని ఇంకో కుర్రాడు జేమ్స్ టే అతనితో చేరాడు. ఇప్పటికీ ఉచితమే. జీమెయిల్‌కి ఒకప్పుడు సాదా పేజీ ఒకటి ఉండేది, మాకు అది ప్రాణం. 2024లో గూగుల్ దాన్ని తీసేశాక నేను థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంకి మారాను. పాత మెయిల్ వెతకడం, పొడుగు ఉత్తరం రాయడం దీంట్లోనే హాయి. కానీ బస్సులో ఒళ్లో తెరిచే వస్తువు కాదది.

బస్సంటే ఇంకోటి గుర్తొచ్చింది. మన మెయిల్ మనకు కనపడదు గానీ పక్క సీటాయనకు శుభ్రంగా కనపడుతుంది. ఐఫోన్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే తెర నల్లబడి, చదవడం మాత్రం సాగుతుంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ మెనూలో తెర దాచే ఆప్షన్ ఉంది. ఇక్కడా ఐఫోన్‌దే చురుకు.

కీబోర్డు కూడా కాపాడలేని చోటొకటుంది, "టు" గడి. నాలుగక్షరాలు కొట్టగానే పేర్లు వరసగా పలుకుతాయి. నా ఫోన్లో శ్రీనివాస్‌లు ఇద్దరు, ఒకరు మా బావ, ఇంకొకరు మా పై అధికారి. గొంతు వేగం బాగా పెంచుకున్న నేను పేరు వినగానే ఎంటర్ కొట్టేశాను, అడ్రస్ దాకా ఆగలేదు. "ఏంట్రా బావా, ఆదివారం కోడి ఎవరు తెస్తున్నారు?" అన్న మెయిల్ ఆఫీసుకు వెళ్లింది. "నేను శాకాహారిని" అని జవాబొచ్చింది.