స్కాటిష్ కంట్రీ డాన్స్‌కి బాణీ: సొంతదా, సెట్టా? ఉరుకా, ఒయ్యారమా?

స్కాటిష్ కంట్రీ డాన్స్ అంటే జంటలు వరసల్లో నిలబడి ఆడే స్కాట్లండ్ నాట్యం. దాని పొడవును బార్లలో (సంగీతంలో సమాన కాలపు గళ్లు) కొలుస్తారు. 32 బార్ల నాట్యానికి 32 బార్ల బాణీ ఏదైనా సరిపోతుందనుకుంటేనే చిక్కు మొదలవుతుంది. లెక్క కుదురుతుంది, కాలు కుదరదు.

ముందు కొలతలు చూద్దాం. ఇక్కడ మాట్లాడే నడకలు మూడు: రీల్, జిగ్, స్ట్రాత్‌స్పే. రీల్‌కి బార్‌కి రెండు దెబ్బలు, ఒక్కో దెబ్బలో చతురశ్రంగా నాలుగు స్వరాలు. జిగ్‌కీ రెండు దెబ్బలే, కాని లోపల తిశ్రం నడుస్తుంది. రెండింటి వేగం దాదాపు ఒకటే, నిమిషానికి 54 నుంచి 56 బార్లు. స్ట్రాత్‌స్పే దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, సుమారు 30 బార్లు. బాణీ సాధారణంగా ఎనిమిదేసి బార్ల రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం రెండుసార్లు, రెండోది రెండుసార్లు వాయిస్తే ఒక ఆవృతి, అంటే 32 బార్లు. నాలుగు జంటల వరసలో మూడు జంటల నాట్యమైతే ఒక్కో జంట మొదటి జంటగా రెండేసిసార్లు ఆడాలి కాబట్టి మొత్తం ఎనిమిది ఆవృతులు. ఈ లెక్కన రీల్ నాలుగున్నర నిమిషాల్లో ముగుస్తుంది, స్ట్రాత్‌స్పేకి ఎనిమిదిన్నర పడుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

సొంత బాణీ ఎనిమిదిసార్లా, నాలుగు బాణీల సెట్టా?

పాతకాలపు పుస్తకాల్లో నాట్యం అడుగులను బాణీ కిందనే అచ్చు వేసేవారు. అందుకే ఎన్నో నాట్యాలకు బాణీ పేరే స్థిరపడింది. 1923లో గ్లాస్గోలో పుట్టిన సొసైటీ కూడా (ఇప్పుడది రాయల్ స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ) తన పుస్తకాల్లో ప్రతి నాట్యానికీ ఒక బాణీ జత చేస్తుంది. ఆ బాణీ వినగానే కాలికి దారి గుర్తొస్తుంది. సొంత బాణీ బలం అదే.

కాని దాన్నే ఎనిమిదిసార్లు వాయిస్తే అయిదో ఆవృతికి చెవి మూసుకుపోతుంది. వాయించేవాళ్ల చెయ్యీ యంత్రంలా ఆడుతుంది. రీల్‌లో ఎలాగో గట్టెక్కవచ్చు, స్ట్రాత్‌స్పేలో ఎనిమిదిన్నర నిమిషాలు భరించడం కష్టం. కాబట్టి సెట్టే మేలు, ఒక షరతు మీద: మొదటి ఆవృతీ చివరి ఆవృతీ సొంత బాణీయే కావాలి. నాలుగు బాణీలకు బాగా వాడుకలో ఉన్న వరస 1-2-3-4-1-2-3-1. మూడో బాణీ వెంటనే సొంత బాణీ తిరిగొచ్చిందంటే, ‘ఇదే చివరిది’ అని ఎవరూ కేక వేయనక్కర్లేదు. కొత్త నాట్యం నేర్పేటప్పుడు మాత్రం సెట్ వద్దు. రెండు మూడు ఆవృతులకు ఒకే బాణీ ఉంటే, ‘ఇక్కడ గుండ్రంగా తిరగాలి’ అన్న గుర్తు చెవిలోనే పడుతుంది.

సెట్ ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, వేరే నాట్యానికి పేటెంట్ లాంటి బాణీని మధ్యలో దూర్చడం. ‘మైరీస్ వెడ్డింగ్’ మోగితే సగం మంది కాళ్లు ఆ నాట్యంలోకి వెళ్లిపోతాయి. రెండోది, నాలుగూ ఒకే శ్రుతిలో ఉండటం. బాణీ మారినట్టే తెలియదు. డి (D) నుంచి ఏ (A)కి జరిగితే గదిలో దీపం పెంచినట్టుంటుంది. మూడోది, ముగింపులో షడ్జమం మీదికి చేరని బాణీ. మళ్లీ మొదటికి తిరగడానికి అది బాగుంటుంది గాని, చివరి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) పడి నమస్కారం పెట్టాల్సిన చోట గాలిలో వేలాడుతుంది. అలాంటిది మధ్యలో పెట్టుకోవచ్చు, చివర పెట్టకూడదు.

‘మైరీస్ వెడ్డింగ్’ నాట్యానికి ఇంకో మెలిక ఉంది. అది 40 బార్లది. 32 బార్ల బాణీలను సెట్‌లో పెడితే ఎనిమిది బార్లు కరువు. ఏదో ఒక భాగాన్ని మూడోసారి వాయించాలి. ఆ భాగం ఏదో వాద్యబృందమంతా ముందే ఒప్పుకోకపోతే అకార్డియన్ ఒక దారి, ఫిడేలు ఒక దారి. చివరి ఎనిమిది బార్లలో ఆరుగురు చేతులు కలిపి తిరుగుతారు కాబట్టి, హుషారైన రెండో భాగాన్నే మూడుసార్లు చేయడం మంచిది.

రీల్‌లో: పైప్ బాణీయా, హార్న్‌పైపా?

నాట్యం కాగితం తీసి, ఎక్కడ నిలబడి సెట్ చేస్తున్నారు (అంటే ఎదుటివారి వైపు తిరిగి ఉన్నచోటే అడుగు వేస్తున్నారు; బాణీల సెట్ వేరు), ఎక్కడ పరిగెడుతున్నారు అన్నది చూడండి. ‘రీల్ ఆఫ్ ది 51స్ట్ డివిజన్’ తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీలోని లౌఫెన్ శిబిరంలో బందీలైన స్కాటిష్ సైనికులు కూర్చిన నాట్యం ఇది. బాణీ ‘ద డ్రంకెన్ పైపర్’. 9వ బార్ నుంచి మొదటి మూల వాళ్లకు (ఏటవాలుగా ఎదురు నిలబడ్డవాళ్లకు) సెట్ చేసి, తిప్పి, ఏటవాలు వరసలో ఊగుతారు. 17వ బార్ నుంచి అదే పని రెండో మూలతో. అంటే ఒకే విన్యాసం ఒకసారి మొదటి భాగం మీద, ఇంకోసారి రెండో భాగం మీద పడుతుంది. రెండు భాగాల్లోనూ మొదటి దెబ్బ గట్టిగా దిగే బాణీ కావాలి, అందుకే పైప్ బాణీలు (బ్యాగ్‌పైప్ మీద వాయించేవి) దీనికి నప్పుతాయి. స్వరాలు గలగలా దొర్లిపోయే బాణీ పెడితే ఊగే చోట ఆనుకోవడానికి ఏమీ దొరకదు.

హార్న్‌పైప్ అనే రకం నాట్యపు బాణీల భాగాలు తరచూ మూడు గట్టి దెబ్బలతో ముగుస్తాయి. ఎనిమిదేసి బార్లకు విన్యాసం తెగి ఆగే నాట్యానికి అది బ్రహ్మాండం. ఆగకుండా ఒక విన్యాసంలోంచి ఇంకోదానిలోకి జారే నాట్యానికి ఆ మూడు దెబ్బలు వేగనిరోధకాల్లా తగులుతాయి.

స్ట్రాత్‌స్పేలో: ఉరుకా, ఒయ్యారమా?

అసలు తకరారు ఇక్కడే. స్ట్రాత్‌స్పేకి ప్రాణం స్కాచ్ స్నాప్: పొట్టి స్వరం దెబ్బ మీద పడి, పొడుగుది వెంటనే వస్తుంది. మన ఛందస్సు భాషలో లఘువు తర్వాత గురువు, వగణం. దాని పక్కనే గురువు లఘువుల హగణం. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోవడమే ఉరుకు బాణీ. ఫిడేలు వాద్యకారుడు జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) కట్టిన ‘లెయర్డ్ ఓ డ్రంబ్లేర్’ అలాంటిది. ఒయ్యారపు బాణీ అంటే నిదానమైన పాట వరస. అందులో స్నాప్ తక్కువ, సాగు ఎక్కువ.

బాణీ ఒక్కటే రెండు అవతారాలెత్తడమూ ఉంది. విలియం మార్షల్ కట్టిన ‘మిస్ అడ్మిరల్ గోర్డన్స్ స్ట్రాత్‌స్పే’ వరసకే కవి రాబర్ట్ బర్న్స్ పాట రాశాడు. కాబట్టి కాగితం మీది స్వరాలు చూసి తేల్చేయకండి, వాయించే తీరు వినండి.

హైలాండ్ షాటిష్ అనే ఎగిరే అడుగుతో సెట్ చేసే నాట్యానికీ, తనదైన సెట్టింగ్ అడుగున్న ‘గ్లాస్గో హైలాండర్స్’ లాంటిదానికీ ఉరుకు బాణీయే. పాట వరస పెడితే ఎగిరే కాలికి కింద నేల దొరకదు. ‘నాట్’ (ముడి), చేతులు మార్చుకుంటూ తిరిగే రైట్స్ అండ్ లెఫ్ట్స్ వంటి ప్రవాహపు విన్యాసాలకు పాట వరస అందం. స్ట్రాత్‌స్పే ప్రయాణపు అడుగు నాలుగు లెక్కలు: అడుగు, దగ్గరికి, అడుగు, వెనక కాలు ముందుకు. ఆ నాలుగో లెక్కను సాగు బాణీ సాగదీయనిస్తుంది, ఉరుకు బాణీ కత్తిరిస్తుంది.

పాట వరసతో ప్రమాదం వేగం. గాయకుడు చరణం చివర ఊపిరి కోసం ఆగినట్టు వాద్యకారుడూ ఆగితే ఎనిమిదో బార్ సాగి, జంటలు ఒంటికాలి మీద నిలబడతారు. పియానో ఎడమచెయ్యి లెక్క వదలకూడదు. రెండు రకాలూ ఒకే సెట్‌లో కలపాలనిపిస్తే మానుకోవడమే మేలు. మూడో ఆవృతిలో హఠాత్తుగా స్నాప్ వస్తే, ఆ జంట తప్పేమీ లేకుండానే తడబడుతుంది.

జిగ్‌లో ఇంత తర్జనభర్జన ఉండదు. ప్రతి దెబ్బలో మూడు స్వరాలూ నిండిన బాణీ దొర్లుతుంది, పొడుగు–పొట్టి జతల బాణీ ఎగురుతుంది. సెట్ చేయడం ఎక్కువుంటే రెండోది, ప్రయాణం ఎక్కువుంటే మొదటిది.

రికార్డు వాడేవాళ్లు బాణీ పేరు కన్నా ముందు అట్ట మీద ఆవృతుల లెక్క చూసుకోవాలి. నాలుగు జంటలూ కలిసి ఆడే 4×32 (32 బార్ల ఆవృతులు నాలుగు) నాట్యానికి 8×32 రికార్డు పెడితే, అందరూ తమ చోటుకు చేరి నమస్కారానికి సిద్ధమైనప్పుడు సంగీతం ఇంకా సగం మిగిలే ఉంటుంది.