మల్లెలతీర్థం దారిలో పగిలిన హోస్ పైపు

నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతం చూద్దామని శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి శ్రీశైలం హైవే పట్టుకున్నాం. నేను, బావ, అక్క, ఇద్దరు పిల్లలు. బండి పదేళ్ల పాతది. కడ్తాల్, ఆమనగల్లు దాటి డిండి దగ్గర ఆగి కాల్చిన మక్కకంకులు తిన్నాం. అక్కడే ఏదో తియ్యటి వాసన వచ్చింది. కంకులదే అనుకున్నాం. అది ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ వాసన అని సాయంత్రానికి గానీ తెలియలేదు.

మన్ననూరు చెక్‌పోస్టులో సంచులు చూశారు, అమ్రాబాద్ టైగర్ రిజర్వులోకి ప్లాస్టిక్ వద్దంటారు కాబట్టి. మేం ముందే స్టీలు క్యానులో ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకున్నాం. తర్వాత అదే మమ్మల్ని ఆదుకుంది.

మల్లెలతీర్థం వర్షాకాలం పోయాక, చలి ముదరకముందే చూడాలి. ఎండాకాలంలో పోతే బండరాళ్లే మిగులుతాయి. వటవర్లపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి, ఆపైన మూడు వందలకు పైగా మెట్లు. దిగడం హాయిగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి, అక్క మూడుసార్లు కూర్చుంది. నీళ్లు మాత్రం చల్లగా, బాగున్నాయి.

తిరిగొస్తుంటే వటవర్లపల్లి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజన్ ఆపేశాం. ఫోన్లో సిగ్నల్ లేదు. మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తీసేది. అప్పటికి నాలుగున్నర. అసలు టెన్షన్ అదే.

బావ రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే గట్టిగా అరిచాను. వేడి మీద ఆ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు మొహం మీదికి తంతాయి. ముప్పావుగంట ఆగాం. ఈలోగా బైకు మీద వచ్చిన ఊరి కుర్రాడు ఒకరు బావను ఎక్కించుకుపోయి, పంక్చర్ షాపు పెద్దాయననే వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతిలో పాత సైకిల్ ట్యూబు, రెండు ఇనుప క్లిప్పులు.

ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే పై రబ్బరు గొట్టం, అదే హోస్ పైపు, వంపు దగ్గర అంగుళం మేర నిలువునా చీలింది. "కొస దగ్గర చీలితే గంత మేర కోసి మల్ల ఎక్కిస్తుంటిమి సార్. ఇది నడుమల పోయింది, కోస్తే పొట్టిగైతది" అన్నాడు. నేను అంతకుముందే నల్ల కరెంటు టేపు చుట్టి చూశాను. తడికీ వేడికీ అది జారిపోయింది. ఆయన పైపును బట్టతో పొడిగా తుడిచి, ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, బాగా సాగదీస్తూ, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేలా రెండు పొరలు చుట్టాడు. సాగదీయకపోతే లాభం లేదట. చీలిక మీదే రెండు క్లిప్పులూ పక్కపక్కనే బిగించాడు, రబ్బరు తెగనంత వరకే.

క్యానులో నీళ్లు కొంచెం కొంచెంగా పోశాం. ఇంజన్ వేడిగా ఉండగా చన్నీళ్లు ఒక్కసారి పోస్తే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, పగలొచ్చు. మూతను పూర్తిగా బిగించకుండా మొదటి మెట్టు దగ్గరే ఆపమన్నాడు. ప్రెషర్ కట్టదు, అతుకు ఊడదు. కాకపోతే ప్రెషర్ లేకుంటే నీళ్లు త్వరగా మరుగుతాయి, అందుకని మెల్లగా పోవాలి. ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెడితే ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. పిల్లలు చెమటలతో తడిసి ముద్దయ్యారు.

నేల మీద కారిన కూలెంట్‌ను ఆయన మట్టితో కప్పాడు. తియ్యగా ఉంటుందని మూగజీవాలు నాకితే ప్రాణం మీదికొస్తుంది. పులుల అడవిలో ఆ సంగతి మాకు తట్టనే లేదు. డబ్బులిస్తే 150 తీసుకుని మిగతాది తిరిగిచ్చేశాడు.

నలభై దాటకుండా, ముల్లు మీదే కన్నుంచి, ఏడున్నరకు మన్ననూరు చేరాం. రాత్రికి శ్రీశైలం వైపున్న దోమలపెంటలో ముందే బుక్ చేసుకున్నాం గానీ పోలేకపోయాం, ఆ ప్రైవేటు లాడ్జీ వాళ్లు అడ్వాన్సు తిరిగివ్వలేదు. పైగా "మా తప్పేముంది" అన్నారు. మన్ననూరులో దొరికిన గది చిన్నదే గానీ దుప్పట్లు శుభ్రం, రాత్రి జొన్నరొట్టె, వంకాయకూర వేడివేడిగా. రిపేరుకు మాత్రం ఇక్కడ ఆశ పెట్టుకోకండి, అచ్చంపేట పోవాల్సిందే.

ఆదివారం అచ్చంపేటలో మొదటి మెకానిక్ రేడియేటర్ మొత్తం మార్చాలని 9,000 చెప్పాడు. రెండో ఆయన చూసి నవ్వి, "పైపు మారిస్తే చాలు" అన్నాడు. హోస్, కొత్త క్లిప్పులు, కూలెంట్, కూలి కలిపి 1,400. ఉత్త నీళ్లు తీసేసి, కూలెంట్ సగం నీళ్లు సగం పోసి, మూత తీసి ఇంజన్ తిప్పి గాలి బుడగలు ఆగేదాకా చూశాడు. కింది పైపును కూడా నొక్కి చూపించాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కితే మెత్తగా లొట్టపోయినా, చిటపటమని పగుళ్లిచ్చినా దాని పని అయిపోయినట్టే.

మిగిలిన పూటలో ఉమామహేశ్వరం చూశాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కొండచరియ కిందుగా గుడి, పాపనాశనం నీళ్లు, కోతులు. నిజం చెప్పాలంటే మల్లెలతీర్థం కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

వస్తూ డిండి దగ్గర మళ్లీ ఆగాం. బావ ముందు బానెట్ ఎత్తి వాసన చూసి, తర్వాతే కంకి అందుకున్నాడు.