ట్రేడర్ క్రమశిక్షణకు ఏది మేలు: పుస్తకమా, జర్నలా, నష్టానికి గట్టి హద్దా?

స్టాప్‌లాస్, అంటే ధర ఇంతకు పడితే షేరు అమ్మేయాలని ముందే పెట్టుకునే హద్దు, ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలుసు. ధర అక్కడికి చేరేసరికి దాన్ని ఇంకాస్త కిందికి జరపకుండా ఉండటమే చేతకాదు. లాభం కనిపిస్తే వెంటనే అమ్మేసి, నష్టంలో ఉన్న షేరును పట్టుకుని కూర్చునే ఈ అలవాటును 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సిద్ధాంతీకరించారు. 1998లో టెరన్స్ ఓడియన్ పదివేల ఖాతాలను పరిశీలించి, మదుపరులు నిజంగానే అలా చేస్తున్నారని చూపించాడు. కాబట్టి ఇది ఏ ఒక్కరి బలహీనతా కాదు. సిగ్గుపడటం మాని మందు వెతకడమే మంచిది.

మందులైతే చాలానే ఉన్నాయి. వాటిని ఎంచడానికి నేను చూసేది ఒకటే: తప్పు జరిగే ఆ నిమిషంలో ఇది చేతికి అందుతుందా?

ముందుగా పుస్తకాలు. అందరూ మొదట చెప్పేది మార్క్ డగ్లస్ 2000లో రాసిన ‘ట్రేడింగ్ ఇన్ ద జోన్’. ఏ ఒక్క ట్రేడు ఫలితాన్నీ ముందే చెప్పలేమని, పద్ధతి మంచిదైతే లాభం మొత్తం మీద తేలుతుందని ఆయన నూరిపోస్తాడు. చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతాడన్న ఫిర్యాదులో నిజముంది. అయినా చివర్లో ఇచ్చిన అభ్యాసం కోసమైనా చదవాలి: ఒకే పద్ధతిని ఏ మార్పూ లేకుండా కనీసం 20 ట్రేడుల దాకా పాటించి, అప్పుడే దాని మంచిచెడ్డలు తేల్చాలి. గెలుపోటములు సగం సగం ఉండే పద్ధతిలో 100 ట్రేడులు చేస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు నష్టాలు తగిలే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. ఇది ముందే మనసుకెక్కినవాడు మూడో నష్టానికే పద్ధతి మార్చడు.

జారెడ్ టెండ్లర్ పుస్తకం ‘ది మెంటల్ గేమ్ ఆఫ్ ట్రేడింగ్’ (2021) దారి వేరు. పోకర్, గోల్ఫ్ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చిన ఆయన అత్యాశ, భయం, కోపం, ఆత్మవిశ్వాసం, క్రమశిక్షణ అని విడదీసి, మీ కోపం ఏ ఆలోచనతో మొదలై ఎలా ముదురుతుందో మీ చేతే రాయిస్తాడు. బ్రెట్ స్టీన్‌బార్గర్ ‘ది డైలీ ట్రేడింగ్ కోచ్’లో 101 చిన్న పాఠాలున్నాయి. వరుసగా చదివితే అలసట తప్పదు, అవసరమైన పాఠాన్ని తీసి చదువుకోవాలి. నా ఓటు ఇలా: నష్టం వస్తే మార్కెట్ మోసం చేసిందనిపించేవారికి డగ్లస్, తప్పేమిటో తెలిసీ అదే మళ్లీ చేసేవారికి టెండ్లర్.

అయితే పుస్తకం పనిచేసేది మార్కెట్ మూసిన తర్వాత. ధర పరుగులు తీస్తుంటే ఏ వాక్యమూ గుర్తుకు రాదు. అందుకే ఏ పుస్తకం కన్నా జర్నల్, అంటే చేసిన ప్రతి ట్రేడునూ రాసుకునే డైరీ, మేలంటాను, అదీ లాభనష్టాల పట్టికలా కాకుండా రాస్తేనే. ఒక ఉదాహరణ. 500 దగ్గర 100 షేర్లు కొన్నారు, స్టాప్‌లాస్ 490. అంటే ఒప్పుకున్న నష్టం 1,000. ధర 491కి రాగానే స్టాప్‌లాస్ తీసేశారు, చివరికి 478 దగ్గర అమ్మారు. పట్టికలో 2,200 నష్టమని మాత్రమే పడుతుంది. జర్నల్‌లో రాయాల్సింది వేరు: ‘1,000 పద్ధతి ఖర్చు, 1,200 నా ఖర్చు. 491 దగ్గర ఇక్కడి నుంచి లేస్తుందనుకున్నాను.’ ఆ రెండో అంకెను నెలాఖరుకు కూడి చూడండి. మార్కెట్ మీద ఉన్న కోపమంతా చల్లారుతుంది, దిద్దుకోవాల్సింది కళ్లముందు నిలుస్తుంది.

దీనికి డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ కావాలా? రోజుకు పదుల కొద్దీ ట్రేడులు చేసేవారికి లెక్కలు వాటంతటవే వచ్చి శ్రమ తప్పుతుంది. మిగిలినవారికి ఎక్సెల్ షీటో, నోటు పుస్తకమో చాలు. చార్టు బొమ్మలు తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఆ 491 దగ్గరి ఆలోచనను తేలేదు, అది మీరే రాయాలి.

ధ్యానం ఆప్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉదయం మనసు కుదుటపడితే మంచిదే, నష్టానికి హద్దు మాత్రం అవి గీయవు.

ఆ హద్దు గీసేది ఆర్డరు, ఖాతా మీద పెట్టే పరిమితి. కొన్న వెంటనే సిస్టమ్‌లో పెట్టిన స్టాప్‌లాస్ మనసులో అనుకున్న స్టాప్‌లాస్ కన్నా ఎన్నో రెట్లు నమ్మదగినది. ధర ఒక్కసారిగా దూకితే అనుకున్న రేటు దక్కకపోవచ్చు, ఆ సంగతి తెలిసే ఉండాలి. రోజుకు ఇంత నష్టం దాటితే ఆ రోజుకు ఆట బంద్ అనే ఏర్పాటు కొన్ని ప్లాట్‌ఫాంలలో ఉంటుంది. పోయింది ఇప్పుడే రాబట్టాలన్న కసికి అంతకు మించిన విరుగుడు నాకు తెలియదు. ట్రేడుల సంఖ్యకూ హద్దు పెట్టుకోవచ్చు. బార్బర్, ఓడియన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, 1991-96 మధ్య అతి ఎక్కువగా కొని అమ్మిన అమెరికన్ కుటుంబాలకు ఏటా 11.4 శాతం దక్కితే, మార్కెట్ 17.9 శాతం ఇచ్చింది.

అందుకే ఖాతా కరిగిపోతున్నవారు పుస్తకాల జోలికి వెళ్లకుండా ఈ రోజే రోజువారీ నష్టానికి హద్దు పెట్టండి. నష్టం అదుపులో ఉన్నా లాభం నిలవనివారు జర్నల్ మొదలుపెట్టండి. ఏ పుస్తకం కొనాలో ఒక నెల జర్నలే చెబుతుంది. హద్దును మార్చాలనిపిస్తే మార్కెట్ లేని రోజున మాత్రమే మార్చండి. మీ మీద మీకు నమ్మకం లేకపోతే, ఆ సెట్టింగ్ పాస్‌వర్డ్‌ను ఇంట్లో మీ మాటకు లొంగని వారి చేతిలో పెట్టండి.