మిర్చి ధరల పట్టీకి ఏది మేలు: లేటెకా, టైప్‌స్టా?

గుంటూరు మిర్చి యార్డులో మా బావకి కమీషన్ కొట్టు ఉంది. సాయంత్రానికల్లా రైతులకి వాట్సాప్‌లో పంపడానికి ఒక్క పేజీ పీడీఎఫ్ కావాలన్నాడు. రకం, వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), కనిష్ట ధర, గరిష్ట ధర, అంతే. "ఎక్సెల్ ఫొటో తీసి పెట్టొచ్చుగా బావా" అన్నాను. "అందరూ పెట్టేది అదే. మనది అచ్చుపుస్తకంలా ఉండాలి" అన్నాడు.

లేటెక్, టైప్‌స్ట్ రెండూ ఆజ్ఞలు రాసి పేజీలు కూర్చే భాషలు. నేను విజయవాడలో పుస్తకాలు లేటెక్‌లో కూరుస్తాను కాబట్టి చెయ్యి ముందు అటే పోయింది. ఈ పేజీలో గీతలూ అక్షరాలూ ఒకసారి కుదిరితే చాలు. రోజూ మారేది విలువల జాబితా. ఆ జాబితాని ఏ భాష ఎలా మోస్తుందన్నదే అసలు తేడా.

లేటెక్‌లో 'ఎర్రే' అనే పేరు కనబడగానే కొత్తవాళ్లు సంబరపడతారు. అది గణితంలో అడ్డువరుసలూ నిలువువరుసలూ పేర్చే ఏర్పాటు మాత్రమే, విలువలు దాచుకునే చోటు కాదు. లేటెక్ అడుగున ఉన్నది 1978లో డొనాల్డ్ నూత్ తెచ్చిన టెక్. అందులో మాక్రోలున్నాయి (ఒక పేరు కింద దాచుకున్న రాతలు), ఒక్కో రకానికి 256 చొప్పున రిజిస్టర్లున్నాయి (విలువలు పెట్టుకునే అరలు, తర్వాత టెక్ విస్తరణ ఈటెక్ వాటిని 32,768కి పెంచింది), జాబితా మాత్రం లేదు. అందుకని పాతకాపులు 'ధర-1', 'ధర-2' అని విలువకో మాక్రో పుట్టించేవాళ్లు. పని జరుగుతుంది కానీ మొత్తం ఎన్ని ఉన్నాయో భాషకి తెలియదు, లెక్క మనమే పెట్టుకోవాలి.

ఇప్పుడంత కష్టం లేదు. 2020 నుంచి లేటెక్ మూలంలోనే ఎక్స్‌పీఎల్3 అనే ప్రోగ్రామింగ్ ఆజ్ఞల పొర కలిసి వస్తోంది. అందులో కామాలతో రాసుకునే సీలిస్ట్ అనే జాబితా ఉంది, సీక్వెన్స్ అనే ఇంకో రకం జాబితా ఉంది. సీలిస్ట్ చూడ్డానికి సులువు, కానీ ఖాళీ విలువల్ని చెప్పాపెట్టకుండా పారేస్తుంది. ఒకరోజు తేజ రకం గరిష్ట ధర ఇంకా తెలియక రెండు కామాల మధ్య ఖాళీ వదిలేశాను. పక్కనున్న బ్యాడిగి ధర జరిగొచ్చి తేజ ఎదురుగా కూర్చుంది. బావ ఫోన్లో ఏమన్నాడో ఇక్కడ రాయలేను. కామా పెట్టి విడగొట్టిన సీక్వెన్స్‌లో ఖాళీ ఖాళీగానే ఉంటుంది, ధరల పట్టీకి అదే నయం. టిక్కీల మొత్తం కట్టడానికి జాబితాలో ఒక్కో విలువ మీద చుట్టు తిప్పే ఫర్‌ఈచ్ (పీజీఎఫ్ ప్యాకేజీది) వాడితే మరో తంటా. ప్రతి చుట్టూ ఒక గ్రూపులో, అంటే విడి గదిలో, నడుస్తుంది, లోపల కూడినది బయటికి రాగానే పోతుంది. గ్లోబల్ (బయటా నిలవాలి) అని ప్రత్యేకంగా చెప్పకపోతే మొత్తం సున్నాయే.

టైప్‌స్ట్ బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టినది, 2023 మార్చిలో దాని కోడ్ అందరికీ తెరిచారు. ఇందులో జాబితా పుట్టుకతోనే ఉంది. బ్రాకెట్లలో విలువలు రాస్తే చాలు. పుష్‌తో చేర్చొచ్చు, ఫిల్టర్‌తో ఏరొచ్చు, సమ్‌తో కూడొచ్చు. బావ గుమాస్తా పంపే సీఎస్వీ ఫైలుని (కామాలతో విడగొట్టిన పట్టిక) ఒక్క లైన్లో చదివి, వరుసల జాబితాగా చేతికిస్తుంది. నన్ను పడగొట్టింది ఈ లైనే.

అలాగని గుంటలు లేవనుకోకండి. సీఎస్వీ నుంచి వచ్చే ప్రతిదీ అక్షరాల మాలే, అంకె కాదు. పెద్ద ధర పైన ఉండేలా పేర్చమంటే 9500 పలికిన తాలు కాయలు 14500 పలికిన తేజ నెత్తిన ఎక్కాయి. అక్షరాల లెక్కలో 9 పెద్దది మరి! ముందు పూర్ణసంఖ్యగా మార్చుకోవాలి. అన్నీ మార్చబోతే 'తేజ' లాంటి పేరు దగ్గర తప్పు చూపించి ఆగిపోతుంది, 334, 341 లాంటి రకాల పేర్లు అంకెలైపోతాయి, మార్చాల్సినవి ధరలూ టిక్కీలూ మాత్రమే. కామా మన అలవాటు కదా అని 14,500 అని బ్రాకెట్లలో రాస్తే 14, 500 అని రెండు విలువలవుతాయి. లేటెక్ సీలిస్ట్‌లోనూ ఇదే గొడవ, అక్కడ మీసాల బ్రాకెట్ తొడిగితే సరిపోతుంది.

అన్నిటికన్నా చిత్రమైంది, ఒకే రకం వచ్చిన రోజున బయటపడింది. బ్రాకెట్లలో "తేజ" అని ఒక్కటే రాస్తే అది జాబితా కాదు, ఉత్త మాట. దాని మీద లూప్ తిప్పితే 'తే' ఒక వరుస, 'జ' ఇంకో వరుస! తర్వాత ఒక కామా పెడితేనే జాబితా అవుతుంది. జాబితాలో విలువల వరుస సంఖ్య మొదలయ్యేది కూడా సున్నా నుంచి, ఎక్స్‌పీఎల్3లో ఒకటి నుంచి.

టైప్‌స్ట్‌లో విలువల్ని ఒక్క మాటగా కలిపే జాయిన్‌లో చివరి విలువ ముందు వేరే మాట పెట్టే వీలుంది. ఇంగ్లీషు వాక్యానికి బాగుంటుంది. తెలుగులో అక్కడ 'మరియు' పెడితే సర్కారు నోటీసులా ఉంటుంది. "తేజా, బ్యాడిగీ, తాలూ" అని ప్రతి మాట చివరా సాగదీయాలంటే ప్రతి విలువనీ ఒకే తీరున మార్చే మ్యాప్‌తోనే చేసుకోవాలి.

లువా అనే ప్రోగ్రామింగ్ భాషని లేటెక్‌తో కలిపిన లువాలేటెక్ మధ్యేమార్గం. లువా పట్టికలు గట్టివి, తెలుగు అక్షరాలు వాటిని సరిగా పేర్చే హార్ఫ్‌బజ్‌తో చక్కగా కుదురుతాయి. కానీ లేటెక్ ఫైల్లోనే లువా రాస్తే శాతం గుర్తు దగ్గర్నుంచి మిగతా లైనంతా వ్యాఖ్య కింద పోతుంది. లువాని వేరే ఫైల్లో పెట్టుకోవాలి.

నా మట్టుకు ధరల పట్టీ టైప్‌స్ట్‌కే ఇచ్చాను. చేతిలో ఉన్న పుస్తకాలు లేటెక్‌లోనే ఉంటాయి. వాటిలో జాబితాలు పది పదిహేను పేర్లు మించవు, ఒకసారి రాశాక మారవు, సీలిస్ట్ చాలు. నిన్న బావ తాలు రకాలన్నీ కింద విడిగా కావాలన్నాడు. పేరులో 'తాలు' ఉన్న వరుసల్ని ఫిల్టర్‌తో విడదీసి ఇంకో పట్టికలో పోశాను. మూడు లైన్లు పట్టింది. ఇంతలో కోల్డ్ స్టోరేజీ సరుకు కూడా వేరుగా చూపించమని మెసేజ్ వచ్చింది.