మానరింగ్ దళం కవాతు చేసిన ఊరు: థెట్‌ఫర్డ్ యాత్ర

రెండో ప్రపంచ యుద్ధకాలపు హోమ్ గార్డ్ అనే స్వచ్ఛంద రక్షణ దళం మీద తీసిన 'డాడ్స్ ఆర్మీ' అభిమానులు ఇంగ్లండ్‌లో ఒక్క ఊరికే వెళ్లగలిగితే అది నార్ఫోక్ జిల్లాలోని థెట్‌ఫర్డ్ కావాలని నా అభిప్రాయం. కెప్టెన్ మానరింగ్ నాయకత్వంలోని దళం ఉండే వాల్మింగ్టన్-ఆన్-సీ ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న కల్పిత పట్టణమే అయినా, 1968 నుంచి 1977 వరకు 80 భాగాలుగా ప్రసారమైన ఈ బీబీసీ హాస్య ధారావాహికలో ఆరుబయట తీసిన దృశ్యాలు చాలావరకు థెట్‌ఫర్డ్ వీధుల్లోనూ, దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ రూపుదిద్దుకున్నాయి. శనివారం సాయంత్రాల్లో బీబీసీ టూలో వచ్చే పునఃప్రసారాలు చూసి అభిమానిగా మారిన నాకు, ఈ ఊళ్లో నడవడం ఎప్పటినుంచో ఉన్న కోరిక.

లండన్ నుంచి రైలులో వచ్చేవారు కేంబ్రిడ్జిలో గాని ఈలీలో గాని బండి మారాలి. నారిచ్‌లో బస చేసినవారికి అరగంట ప్రయాణం చాలు. బస విషయంలో మాత్రం నా సలహా స్పష్టం: ఊరి నడిబొడ్డునే దిగండి. వంతెన దగ్గరున్న బెల్ హోటల్ శతాబ్దాల నాటి కట్టెపని కట్టడం, చిత్రీకరణ రోజుల్లో నటులు బస చేసిన చోటు. అక్కడినుంచి చూడవలసినవన్నీ కాలినడకన చూడవచ్చు. అద్దె తక్కువని నేను మొదటి రాత్రికి ఎంచుకున్న ఊరవతలి వసతిగృహంలో వేడినీళ్లు లేవు, చెప్పిన వేళకు ఫలహారం అందలేదు. టాక్సీ కోసం ఎదురుచూడటంతోనే ఒక ఉదయం గడిచిపోయింది. శాకాహారులు భోజనం గురించి ముందే వాకబు చేసుకోవడం మంచిది.

గిల్డ్‌హాల్ వెనుక ఉన్న డాడ్స్ ఆర్మీ మ్యూజియం చాలా చిన్నది. అడుగుల లెక్కన చూస్తే పావుగంటలో తిరిగి రావచ్చు, కానీ అక్కడ ఎవరూ పావుగంటలో తిరిగి రారు. ప్రవేశ రుసుము లేదు, తోచినంత విరాళం హుండీలో వేయవచ్చు. నడిపేవారంతా స్వచ్ఛంద సేవకులు. ఏ ఛాయాచిత్రం ముందు నిలబడినా, అది ఏ భాగంలోదో, ఏ వీధిలో తీశారో, ఆ మూలన కనిపించే గోడ ఇప్పటికీ ఉందో లేదో వారు విసుగు లేకుండా చెబుతారు. ఎక్కువ రుసుము తీసుకునే పెద్ద ప్రదర్శనశాలల్లో చెవికి తగిలించే యంత్రాలు ఇవ్వలేనిది ఇదే. తెరచి ఉండే రోజులు కాలాన్ని బట్టి మారతాయి కనుక బయలుదేరే ముందు తప్పక కనుక్కోండి. నా మట్టుకు శనివారమే సరైన రోజు.

అక్కడ కలిసిన ఒక పెద్దాయనతో దళంలోని వృద్ధుడైన గాడ్‌ఫ్రే పాత్ర గురించి చాలాసేపు మాట్లాడాను. యుద్ధంలో ఆయుధం పట్టలేదని దళమంతా గాడ్‌ఫ్రేను వెలివేసినంత పని చేయడం, తీరా చూస్తే మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ రణరంగంలో క్షతగాత్రులను మోసి శౌర్యపతకం పొందినవాడు ఆయనేనని బయటపడటం ఒక భాగంలోని కథ. ఆ పాత్ర ధరించిన ఆర్నల్డ్ రిడ్లీ 1916లో అదే సోమ్‌లో నిజంగానే పోరాడి తీవ్రంగా గాయపడ్డారు. రచయితల్లో ఒకరైన జిమ్మీ పెర్రీ కుర్రతనంలో హోమ్ గార్డ్‌లో పనిచేశారు. 1940 మే 14న ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపునిస్తే వయసు మీరినవారూ, సైన్యంలో చేరే ఈడు రానివారూ స్వచ్ఛందంగా కదిలివచ్చిన దళమది. ఈ హాస్యంలో ఎకసెక్కెం కన్నా ఆప్యాయత ఎక్కువగా ఉండటానికి కారణం ఈ అనుభవమేనని మేమిద్దరం ఒప్పుకున్నాం.

నది ఒడ్డున బల్ల మీద కూర్చున్న కెప్టెన్ మానరింగ్ కాంస్య విగ్రహాన్ని 2010లో ఆవిష్కరించారు. పక్కన చోటు ఖాళీగా వదిలారు కాబట్టి ప్రతివారూ ఆయన పక్కన కూర్చుని ఫోటో తీయించుకుంటారు. నేను వెళ్లినప్పుడు ఒక తాతగారు, ఆయన మనవడు విగ్రహం ముందు నిలబడి, జర్మన్ బందీకి పేరు చెప్పవద్దంటూ కెప్టెనే స్వయంగా దళంలోని కుర్రవాడు పైక్ పేరు బయటపెట్టే ఘట్టాన్ని నటించి చూపారు. చుట్టూ ఉన్న అపరిచితులంతా తరువాతి సంభాషణ అందుకోవడం చూసి నాకు ఒళ్లు పులకరించింది.

దళంలోని మాంసం కొట్టు యజమాని జోన్స్ నడిపిన వ్యాను అసలుదే చూడాలంటే పాత ఆవిరి యంత్రాలుండే చార్లెస్ బరెల్ మ్యూజియానికి వెళ్లాలి. 1935 నాటి ఈ ఫోర్డు బండిని 2012లో వేలంలో కొని ఊరికి తెచ్చుకున్నారు. తెర మీద అందులోంచి తుపాకులు ఒక్కసారిగా బయటికి పొడుచుకువచ్చే దృశ్యం గుర్తున్నవారు ఇక్కడ తొందరపడకుండా బండి చుట్టూ తిరిగి చూడాలి. ఆవిరి యంత్రాల మీద ఆసక్తి లేకపోయినా ఈ ఒక్క వాహనం కోసం వెళ్లవచ్చు.

ఊరికి ఉత్తరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ సైనిక శిక్షణ ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లలేము. అయినా దాని సంగతి తెలుసుకుని వెళ్లాలి. ప్రతి భాగం చివరా దళసభ్యులు పొలంలో తుపాకులు పట్టి నడిచివచ్చే దృశ్యం అక్కడ తీసినదే. శిక్షణ కోసం 1942లో అక్కడి పల్లెలను ఖాళీ చేయించారు, ఆ జనం మళ్లీ తమ ఇళ్లకు చేరలేదు. కొత్త ఇళ్లు, దుకాణాలు రాని ఆ నేల 1940 నాటి పల్లెసీమగా తెర మీద అంత సహజంగా ఒదగడానికి కారణం ఇదే. హాయిగా నవ్వుకునే ఆ దృశ్యం వెనుక సొంత ఊరు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయని తెలిశాక, నాకు ఆ ముగింపు సంగీతం వేరుగా వినిపిస్తోంది.

భారతీయులు నదిలోని బటన్ ఐలాండ్ మీదున్న మహారాజా దులీప్ సింగ్ అశ్వవిగ్రహాన్నీ చూడాలి. పంజాబు రాజ్యం పోగొట్టుకుని ఈ ఊరి సమీపంలోని ఎల్వెడెన్‌లో నివసించిన ఆయన సమాధి అక్కడి చర్చి ఆవరణలోనే ఉంది.

వ్యవధి ఉంటే మరునాడు నారిచ్ మీదుగా షెరింగమ్ చేరుకుని, నార్త్ నార్ఫోక్ రైల్వే వారి ఆవిరి బండిలో వేబోర్న్ స్టేషన్‌లో దిగండి. రాజుగారి రైలు కథగా సాగే 1973 నాటి భాగం అక్కడే తీశారు. స్టేషన్ ముచ్చటగా ఉంది, కానీ అక్కడ ఆ ధారావాహిక గురించి మనసారా మాట్లాడుకునే అవకాశం నాకు తక్కువగా దొరికింది. అందుకే ఒకటే రోజు ఉన్నవారు వేబోర్న్‌ను వదులుకుని, ఆ రోజంతా థెట్‌ఫర్డ్ మ్యూజియంలోని పెద్దల మాటలకే కేటాయించాలని కోరుతున్నాను.